పదో తరగతి పాప డ్యాన్సే చదువుతానంటోంది, ఇంట్లోవాళ్లం ఏం చేయాలి?

చిత్తూరు నుంచి ఒకమ్మ అడిగిన ప్రశ్నకు ఇది నా సమాధానం. వాళ్ల పాపకు పదిహేనేళ్లు, పదో తరగతి, ఏడేళ్ల నుంచి కూచిపూడి నేర్చుకుంటోంది. ఇప్పుడు "నేను డ్యాన్సే చదువుతాను, అదే నా ఉద్యోగం" అని పట్టుబట్టి కూర్చుందట. నాన్నగారిది కిరాణా కొట్టు, ఆయనేమో ఒక రెసిడెన్షియల్ కాలేజీలో ఎంపీసీకి పదివేలు అడ్వాన్సు కట్టి వచ్చేశారు. "మా రెండు వైపులా కళలు తెలిసినవాళ్లు ఎవరూ లేరు, పిల్లకు ఎట్లా అండగా ఉండాలో తెలియడం లేదు, అసలు అందులో బతుకుతెరువు ఉందా" అని ఆమె అడిగారు.

నేను తిరుపతిలో ఇరవై ఏడేళ్లుగా కూచిపూడి నేర్పిస్తున్నాను, ప్రోగ్రాములకు నట్టువాంగం చేస్తాను, అంటే పక్కన కూర్చుని తాళాలు వాయిస్తూ అడుగులకు తగ్గ జతులు (లయ మాటలు) చెబుతాను. పెద్ద పేరున్న దాన్ని కాదు. మా మేడ మీద రేకుల షెడ్డులో క్లాసు. కానీ ఇన్నేళ్లలో నా చేతుల మీదుగా వెళ్లిన పిల్లలు వందల్లో ఉన్నారు, వాళ్లలో ఎవరు ఎక్కడ ఆగిపోయారో నాకు బాగా గుర్తు. అది చూసే ఈ మాట చెబుతున్నాను. మన ఊళ్లలో పిల్లలు డ్యాన్సు మానేసేది టాలెంటు లేక కాదమ్మా, ఇంటర్ టైం టేబుల్ వల్ల. పదో తరగతి దాకా రోజూ సాయంత్రం గజ్జెలు కట్టిన పిల్ల, జూన్‌లో హాస్టల్ బస్సు ఎక్కితే రెండేళ్ల తర్వాతే మళ్లీ కనిపిస్తుంది. అప్పటికి ఒళ్లు మారిపోయి ఉంటుంది, మనసు కూడా.

నా దగ్గర ఒక అమ్మాయి ఉండేది, పేరు వద్దు. తరంగం చేస్తుంటే ఇత్తడి పళ్లెం అంచు మీద పాదం నిలబెట్టి, మృదంగం కొంచెం తప్పినా తను తాళం తప్పకుండా పళ్లేన్ని అంగుళం అంగుళంగా ముందుకు జరుపుకుంటూ వచ్చేది. పద్నాలుగేళ్ల పిల్ల. అంత నిదానం నాకు ఇరవై అయిదేళ్లకు కూడా రాలేదు. ఇంటర్‌కి ఊరి బయట ఒక కాలేజీ హాస్టల్లో వేశారు. పొద్దున అయిదున్నరకు స్టడీ అవర్, రాత్రి తొమ్మిదిన్నరకు మళ్లీ స్టడీ అవర్, నెలకు ఒక ఆదివారం ఇంటికి. రెండేళ్లు పోయాక వచ్చి "మేడం, మళ్లీ మొదలుపెడతాను" అంది. అరమండిలో, అంటే మోకాళ్లు పక్కలకు వంచి సగం కూర్చున్నట్టు నిలబడే భంగిమలో, కూర్చోమంటే పది లెక్కపెట్టేలోపు తొడలు వణికాయి. కూర్చోలేకపోయినందుకు కాదు, తన ఒళ్లు తన మాట వినడం లేదని ఏడ్చింది. మూడు వారాలు వచ్చి మానేసింది. ఆ అడ్మిషన్ రోజుల్లో వాళ్ల నాన్న "మీరేమంటారు మేడం" అని నన్ను అడిగారు. చదువు దగ్గర మనం అడ్డం చెప్పినట్టు ఉంటుందని "మీ ఇష్టం సార్" అనేశాను. ఇప్పటికీ ఆ మాట తలుచుకుంటే నా మీద నాకే కోపం వస్తుంది.

కాబట్టి మీకు మాత్రం "మీ ఇష్టం" అని చెప్పను. ఆ పదివేలు తిరిగొస్తే తెచ్చుకోండి, రాకపోతే పోయిందనుకోండి. పిల్ల డ్యాన్సరు అవుతుందో లేదో ఇప్పుడు మీరు తేల్చక్కర్లేదు, ఎవరూ తేల్చలేరు కూడా. మీరు చేయాల్సింది ఒకటే, రాబోయే రెండేళ్లు రోజుకు రెండు గంటలు ఆ పిల్లవిగా ఉండేలా చూడటం. నేర్పించడం గురువు పని. టైం కాపాడటం మీ పని.

ముందు అసలు ఆ పిల్లకు ఇది నిజమైన కోరికేనా, స్టేజీ మీద లైట్లు, చప్పట్లు, మేకప్పు చూసి మురిసిపోవడమా అనే అనుమానం మీకు ఉంటుంది, ఉండాలి కూడా. ప్రోగ్రాం రోజు చూస్తే అది తెలియదు. ఏ పండగా లేని ఓ మంగళవారం పొద్దున అయిదున్నరకు చూడండి. మీరు లేపకుండా లేస్తుందా? పోనీ లేపితే లేస్తుందా? గజ్జెలు లేకుండా, పాట లేకుండా, ఒట్టి "తై యుం దత్ త" చెప్పుకుంటూ అదే అడుగు నలభైసార్లు వేస్తుందా? ఇంకొకటి, వేరే వాళ్ల డ్యాన్సు చూడటానికి ఇష్టపడుతుందా? తన ఐటెం అయిపోగానే మేకప్పు తుడుచుకుని ఇంటికి పోదామనే పిల్లలు చాలామంది. స్టేజీ పక్క వింగులో నిలబడి మిగతావాళ్లది చివరిదాకా చూసే పిల్లలు తక్కువ. నా అనుభవంలో తర్వాత కూడా డ్యాన్సులో మిగిలింది ఆ రెండో రకమే.

గురువుగారిని కూడా అడగండి, పాప పక్కన లేకుండా. "మా పాప బాగా చేస్తుందా" అని అడిగితే ఏ గురువైనా బాగా చేస్తుందనే అంటారు, ఫీజు ఇచ్చేది మీరు కదా. "మా పాపకు ఏది రావడం లేదు" అని అడగండి. "అభినయంలో కళ్లు ఆడవు, తాళం గట్టిది, కుడివైపు భ్రమరి తిరిగితే బ్యాలెన్స్ పోతుంది" అని విడమర్చి చెప్పారంటే ఆయన మీ పిల్లను చూస్తున్నారు. "అన్నీ సూపరండీ" అంటే మాత్రం ఇంకో చోట కూడా ఒకసారి చూపించండి. అందులో గురుద్రోహం ఏమీ లేదు.

ఇక ఇంటర్. డే స్కాలర్ కాలేజీ, ఇంటికి దగ్గర, నాలుగూ నాలుగున్నరకు గేటు తీసేది. గ్రూపు ఏదన్నది రెండో ప్రశ్న. సీఈసీ, హెచ్‌ఈసీ తీసుకుంటే టైం ఎక్కువ మిగులుతుంది. లెక్కలంటే ఇష్టమైన పిల్లయితే ఎంపీసీ కూడా చేయొచ్చు, జేఈఈ, ఈఏపీసెట్ (పాత ఎంసెట్) కోచింగ్ తోక తగిలించకపోతే అదేం కొండ కాదు. నా శిష్యురాలొకరు గవర్నమెంటు జూనియర్ కాలేజీలో బైపీసీ చదువుతూ వారానికి ఆరు రోజులు క్లాసుకు వచ్చింది. సీబీఎస్‌ఈలో అయితే పదకొండు, పన్నెండు తరగతులకు కూచిపూడి, భరతనాట్యం, కర్ణాటక సంగీతం సబ్జెక్టులుగానే ఉన్నాయి. ఈ సంగతి చాలామందికి తెలియదు. అన్ని స్కూళ్లూ వాటిని ఇవ్వవు కాబట్టి చేరేముందే అడగాలి. ఓపెన్ స్కూల్లో ఇంటర్ కట్టడం కూడా దారే, కానీ పిల్ల తనంతట తాను పుస్తకం తీసే రకమైతేనే. లేకపోతే ఇంట్లో ఫోనుతో కూర్చుంటుంది, చదువూ పోతుంది, డ్యాన్సూ పోతుంది.

చదువు పూర్తిగా మాన్పించి కళలో వేయమని మాత్రం ఎవరైనా చెబితే వినకండి. పాతకాలం గురుకులం మాటలు చెప్పి మోసపుచ్చే వాళ్లున్నారు. ఇవాళ కళారంగంలో చాలా తలుపులు డిగ్రీ చూపిస్తేనే తెరుచుకుంటాయి. కేంద్రీయ విద్యాలయాల్లో ప్రైమరీ మ్యూజిక్ టీచర్ పోస్టుకు ఇంటర్‌తో పాటు సంగీతంలో డిగ్రీ అడుగుతారు. ఢిల్లీలో నేషనల్ స్కూల్ ఆఫ్ డ్రామా మూడేళ్ల డిప్లొమాకు ఏదో ఒక డిగ్రీ ఉండాలి, దాని మీద నాటకాల్లో చేసిన అనుభవం కూడా చూపించాలి. కాలేజీ లెక్చరర్ కావాలంటే యూజీసీ వాళ్ల నెట్ పరీక్ష రాయాలి, అందులో సంగీతానికి వేరే పేపరు, నాట్యం, నాటకం కలిపి పెర్ఫార్మింగ్ ఆర్ట్స్‌కి వేరే పేపరు ఉన్నాయి. మామూలుగా చదివినా సరే, చదువుతూ ఉండాలి. ఫస్ట్ ర్యాంకు అక్కర్లేదు.

మన దగ్గరే ఏమున్నాయో కూడా చెబుతాను, ఎందుకంటే మనవాళ్లు పెరట్లో చెట్టును చూడకుండా చెన్నై, హైదరాబాద్ అంటారు. తిరుపతిలో టీటీడీ వారి శ్రీ వేంకటేశ్వర సంగీత నృత్య కళాశాల 1959 నుంచి నడుస్తోంది. గాత్రం, వీణ, వయొలిన్, వేణువు, మృదంగం, ఘటం, నాదస్వరం, డోలు, హరికథ, భరతనాట్యం, కూచిపూడి, ఇన్ని ఒకే కాంపౌండులో దొరికే చోటు మన రాష్ట్రంలో అరుదు. విశారద, ప్రవీణ అని డిప్లొమా, అడ్వాన్స్‌డ్ డిప్లొమా కోర్సులున్నాయి, సాయంత్రం పార్ట్‌టైం కోర్సు కూడా ఉంది. పగలు కాలేజీ, సాయంత్రం అక్కడ అని నడిపించుకున్న పిల్లలు నాకు తెలుసు. అడ్మిషన్ల నోటిఫికేషన్ పేపర్లో చిన్నగా వస్తుంది, కాబట్టి ఎవరో చెబుతారని కూర్చోకండి, వెళ్లి ఆఫీసులో కనుక్కోండి. అమ్మాయిలకు డిగ్రీ తర్వాత సంగీతం, నాట్యం వైపు పోవాలంటే పద్మావతి మహిళా విశ్వవిద్యాలయం ఇక్కడే ఉంది, 1983లో పెట్టింది. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో సరోజినీ నాయుడు స్కూల్లో డ్యాన్సులో, థియేటర్లో పీజీ చేయొచ్చు. అక్కడ ఎంట్రన్సులో చేసి చూపించడంతో పాటు సిద్ధాంతం కూడా అడుగుతారు. అందుకే పాత నాట్యశాస్త్ర గ్రంథం అభినయ దర్పణం శ్లోకాలు బట్టీ పట్టించడం కాదు, అర్థం చెప్పించుకోమని మా పిల్లలకు చెబుతాను.

చెన్నై మాట. మీకు కళాక్షేత్ర పేరు ఎవరో చెప్పారని రాశారు. 1936లో రుక్మిణీదేవి అరండేల్ పెట్టిన సంస్థ, చాలా గొప్పది, నాలుగేళ్ల డిప్లొమా. కానీ అమ్మా, అక్కడ నేర్పేది భరతనాట్యం. మీ పాప ఏడేళ్లు వేసింది కూచిపూడి. నిలబడే తీరు నుంచి వేరు. మారొచ్చు, మారినవాళ్లున్నారు, కానీ మళ్లీ తట్టడవు (భరతనాట్యంలో మొట్టమొదటి అడుగు) నుంచి మొదలుపెట్టే ఓపిక పాపకు ఉందా అని అడగండి, బోర్డు మీద పేరు చూసి కాదు. కూచిపూడికి కూడా చెన్నైలో గట్టి పునాదే ఉంది. వెంపటి చినసత్యం గారు 1963లో కూచిపూడి ఆర్ట్ అకాడమీ పెట్టింది అక్కడే. ఇవాళ దేశమంతా కనిపించే కూచిపూడిలో చాలా భాగం ఆ బడి తీర్చిదిద్దిన తీరే. అసలు ఊరు కూచిపూడిలో సిద్ధేంద్రయోగి కళాపీఠం ఉంది. మనకు చెన్నై మూడు నాలుగు గంటల ప్రయాణం. పాపను అక్కడ చేర్చాలని ఇప్పుడే కంగారు పడకుండా, అక్కడ సంగీత నృత్య ఉత్సవాలు జరిగే డిసెంబర్ సీజన్‌లో నాలుగు రోజులు తీసుకెళ్లి పొద్దున నుంచి రాత్రి దాకా ప్రోగ్రాములు చూపించండి. పగటి పూట చాలా సభల్లో టికెట్ ఉండదు. తన వయసు పిల్లలు ఏ స్థాయిలో చేస్తున్నారో కళ్లతో చూస్తే కొందరు డీలా పడిపోతారు, కొందరు రైల్లో తిరిగొస్తూనే వేళ్లతో తాళం వేసుకుంటూ ఉంటారు. ఏది జరిగినా మీకు మంచిదే.

డబ్బు సంగతి దాచను. స్టేజీ మీద చేసే డ్యాన్సు ఒక్కదానితోనే ఇల్లు గడుపుకునేవాళ్లు చాలా తక్కువ. మాలాంటి వాళ్లందరి సంపాదన నాలుగు చోట్ల నుంచి వస్తుంది. క్లాసులు, స్కూల్లో డ్యాన్సు టీచరు ఉద్యోగం, ప్రోగ్రాములు, వేరే వాళ్ల ప్రోగ్రాములకు నట్టువాంగమో పాటో. ఇప్పుడు ఆన్‌లైన్‌లో విదేశాల పిల్లలకు క్లాసులు చెప్పేవాళ్లూ ఉన్నారు, తెల్లవారుజామున నాలుగున్నరకు లేచి కెమెరా ముందు కూర్చుంటారు. మొదటి అయిదారేళ్లు మాత్రం ఇంటి నుంచి సాయం లేకుండా నడవడం కష్టం. నాకు పెళ్లయిన కొత్తలో నెల ఖర్చులన్నీ మా ఆయన జీతం మీదే, నా సంపాదన నా మృదంగం ఆయనకు, పాట ఆమెకు ఇవ్వడానికే సరిపోయేది. ఇది తెలిసి దిగితే బాధ లేదు. అందుకే పాపకు డ్యాన్సుతో పాటు నట్టువాంగం, కొంచెం గాత్రం నేర్పించండి అంటాను. తాళాలు పట్టుకుని జతులు చెప్పగలిగిన అమ్మాయి ఖాళీగా ఉండదు. పాడగలిగితే ఇంకా మంచిది, ఆకాశవాణి ఆడిషన్లు ఉన్నాయి, గ్రేడు వస్తే ఆ కాగితానికి జీవితాంతం విలువ.

స్కాలర్‌షిప్పుల్లో రెండు చెబుతాను. సీసీఆర్‌టీ (కేంద్ర సాంస్కృతిక శాఖ కింద ఉన్న సంస్థ) వాళ్ల టాలెంట్ సెర్చ్ స్కాలర్‌షిప్ పది నుంచి పద్నాలుగేళ్ల పిల్లలకు, మీ పాపకు దాటిపోయింది. ఇది చదివే వేరే తల్లిదండ్రులు ఎవరికైనా చిన్న పిల్లలుంటే ఇప్పుడే చూసుకోండి. రెండోది కేంద్ర సాంస్కృతిక శాఖ యువ కళాకారులకు ఇచ్చేది, పద్దెనిమిది నుంచి పాతికేళ్ల వాళ్లకు, నెలకు 5,000 చొప్పున రెండేళ్లు. దానికి గురువు దగ్గర కనీసం అయిదేళ్లు నేర్చుకున్నట్టు చూపించాలి. కాబట్టి ఇవాళే ఒక ఫైలు కొనండి. ఏ తేదీన చేరింది, ఏ పరీక్ష పాసయింది, ఎక్కడెక్కడ ప్రోగ్రాం చేసింది, ఆహ్వాన పత్రం, పేపర్లో వచ్చిన ముక్క, అన్నీ అందులో పెట్టండి. పద్దెనిమిదేళ్లు వచ్చాక వెతికితే గురువు ఊళ్లో ఉండరు, పత్రాలు చెదలు తినేసి ఉంటాయి.

ఖర్చు పెట్టకూడని చోటు కూడా చెప్పాలి కదా. రంగప్రవేశం, అంటే పిల్ల మొదటిసారి ఒంటరిగా చేసే పూర్తి కచేరీ, దాని పేరుతో రెండు మూడు లక్షలు పోసేవాళ్లను చూస్తున్నాను. హాలు, ఆర్కెస్ట్రా, నాలుగు కాస్ట్యూములు, మూడు వందల మందికి భోజనం, డ్రోన్ కెమెరా! పెళ్లికి తక్కువ ఏం కాదు. అది అయిన నెలకే డ్యాన్సు మానేసిన పిల్లలు నా లెక్కలోనే అయిదారుగురు. గురువుగారు తొందరపెట్టినా "ఇంకో ఏడాది ఆగుదామండి" అనండి. ఆ డబ్బుతో మూడేళ్ల ఫీజు, చెన్నై ప్రయాణాలు, ఒక మంచి జత గజ్జెలు వస్తాయి.

రికార్డుల పేరుతో జరిగే తంతు ఇంకొకటి. దీంట్లో నా తప్పు ఒప్పుకుంటాను. కొన్నేళ్ల కింద ఒక నిర్వాహకుడు వచ్చి వేలమందితో ఒకేసారి నాట్యం, పిల్లలకు సర్టిఫికెట్ అన్నాడు, తలకు 1,800 రూపాయలు. పేరొస్తుందని నేనూ ముప్పై మందిని తీసుకెళ్లాను. మధ్యాహ్నం రెండుకల్లా మేకప్పుతో గ్రౌండులో కూర్చోబెట్టారు. మంచినీళ్ల ట్యాంకు ఒకటే. రాత్రి ఎనిమిది దాటాక ఏడు నిమిషాలు ఆడించారు. మా వరుసలో ఉన్న ఒక పాప కాళ్లకు బొబ్బలు లేచాయి, వాళ్లమ్మ నన్ను ఒక్క మాట కూడా అనలేదు, అదే ఇంకా సిగ్గనిపించింది. ఇంటికి తెచ్చిన సర్టిఫికెట్ మీద పాప పేరు కూడా తప్పు. ఆ రోజు తర్వాత డబ్బులు కట్టి ఆడే స్టేజీకి నేను పిల్లల్ని పంపలేదు. బ్రహ్మోత్సవాల్లో వాహనం ముందు ఆడే బృందాలతో పంపిస్తాను. అక్కడా ఎదురుచూపులు, జనం, ఒట్టి కాళ్లతో మాడవీధుల నడక, అంతా కష్టమే. కానీ అక్కడ ఏ పిల్ల నిలబడుతుందో, ఏ పిల్ల "ఎప్పుడు అయిపోతుంది మేడం" అంటుందో తెలిసిపోతుంది.

ఒంటి సంగతి తల్లులు బాగా వినాలి. ఎదిగే వయసులో పిల్లలు ఒక్కో ఏడాది గబగబా పొడవు పెరుగుతారు. ఎముక ముందు పెరుగుతుంది, కండ తర్వాత అందుకుంటుంది. ఆ మధ్యలో నిన్నటిదాకా వచ్చిన భంగిమ రాదు, బ్యాలెన్స్ తప్పుతుంది, పిల్ల "నాకు డ్యాన్సు రావడం లేదు" అని ఏడుస్తుంది. రాకపోవడం కాదు, పెరగడం. అరమండిలో మోకాళ్లు పక్కలకు తిరగాల్సింది తుంటి దగ్గర నుంచి. తుంటి తిరగక పాదాల్ని బలవంతంగా పక్కకు తిప్పితే భారమంతా మోకాలి మీద పడుతుంది. క్లాసు తర్వాత తొడలు, పిక్కలు లాగుతుంటే అది మామూలు. మోకాలి చిప్ప కింద ఒకే చోట పొడిచినట్టు ఉంటే, మెట్లు దిగేటప్పుడు నొప్పి ఉంటే, కాలి ముందు ఎముక మీద వేలు పెడితే అరిస్తే, ఆపించి ఎముకల డాక్టరుకు చూపించండి. "గురువు దగ్గర నొప్పి అనకూడదు" అని పిల్లలు దాస్తారు. నేల కూడా చూడండి. గ్రానైట్ మీద, సిమెంటు మేడ మీద రోజూ తట్టితే కాళ్లు పాడవుతాయి. మా షెడ్డులో సిమెంటు మీద చెక్క పలకలు వేయించడానికి నేను పదిహేనేళ్లు ఆలస్యం చేశాను, ఇవాళ నా ఎడమ మోకాలు దానికి వడ్డీ కడుతోంది.

తిండి. క్లాసులో ఎవరో "కొంచెం తగ్గాలి నువ్వు" అంటారు, ఆ ఒక్క మాటకు పిల్ల రాత్రి అన్నం మానేస్తుంది. మానేసిన సంగతి మీకు చెప్పదు, "ఆకలి లేదు" అంటుంది. నెలసరి రెండు మూడు నెలలు తప్పితే అది డ్యాన్సు చేస్తున్నందుకు వచ్చే మామూలు సంగతి అనుకోవద్దు, డాక్టరు దగ్గరికి వెళ్లాల్సిన సంగతి. రక్తం తక్కువైతే రెండో కాలం (రెట్టింపు వేగం) దాటగానే ఆయాసపడతారు. రాగి సంగటి, పప్పు, ఆకుకూర, గుడ్డు తినే ఇల్లయితే గుడ్డు, ఇంతకు మించి విదేశీ డబ్బాలేవీ అక్కర్లేదు. వారానికి ఒక రోజు పూర్తిగా సెలవు. పరీక్షల నెలలో గంటకు తగ్గించండి, కానీ సున్నా చేయకండి.

మగపిల్లాడికి పాట నేర్పిస్తున్న వాళ్లకు ఒక మాట. పదమూడు పద్నాలుగేళ్లకు గొంతు మారుతుంది, పాత శ్రుతిలో పాడమని బలవంతం చేయొద్దు. మా అక్క కొడుకును పోటీ ఉందని ఆర్నెల్లు అలాగే పాడించారు, వాడికి పాటంటేనే విరక్తి పుట్టింది. గొంతు కుదురుకునేదాకా వయొలినో మృదంగమో పట్టించి ఉంటే ఎంత బాగుండేది.

జాగ్రత్తల సంగతి మొహమాటం లేకుండా చెబుతాను. క్లాసు జరిగేటప్పుడు తల్లిదండ్రులు వచ్చి కూర్చోవడానికి వీల్లేదనే చోటికి ఆడపిల్లనైనా మగపిల్లాడినైనా పంపకండి. రోజూ కూర్చోనక్కర్లేదు, కానీ ఎప్పుడైనా రావచ్చు అన్నట్టు ఉండాలి. పాపకు నేరుగా రాత్రిళ్లు మెసేజీలు పెట్టే మాస్టరు ఎంత గొప్పవాడైనా వద్దు. బయటూరు ప్రోగ్రాముకు వెళితే బట్టలు మార్చుకునే గది ఎక్కడ, తలుపుకు గడియ ఉందా అని మీరే వెళ్లి చూడండి, ఇది చాదస్తం కాదు. సినిమా ఛాన్సు, సీరియల్ ఛాన్సు అని ఫోన్ చేసి ఫొటోషూట్‌కి ముప్పై వేలు, రిజిస్ట్రేషన్‌కి పదివేలు అడిగితే ఫోన్ పెట్టేయండి. నిజంగా పిల్ల కావాల్సినవాళ్లు డబ్బు ఇస్తారు, అడగరు. ఏదైనా జరగకూడనిది జరిగిందని పిల్ల చెబితే ముందు నమ్మండి. పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేయొచ్చు, పిల్లలపై లైంగిక వేధింపులను శిక్షించే పోక్సో చట్టం 2012 నుంచి పద్దెనిమిదేళ్ల లోపు వాళ్లందరికీ వర్తిస్తుంది. పరువు పోతుందని గురువును కాపాడే పని మనది కాదు.

ఇక చుట్టాలు. "ఏమక్కా, పిల్లను ఆటలాడేదానికి పంపిస్తా ఉండావంట" అని మీ ఆడబిడ్డ అన్న మాట మీరు రాశారు. నాకు నవ్వొచ్చింది, ఆ మాట మా అత్తగారు కూడా అన్నారు. మన వైపు ఊళ్లలో మహాభారత ఉత్సవం పెడితే పద్దెనిమిది రోజులు పగలు హరికథ, రాత్రి నాటకం. అర్జునుడి వేషగాడు తపస్సు మాను (నిలబెట్టిన ఎత్తైన స్తంభం) ఎక్కే రోజు ఈ చుట్టాలే చంటిపిల్లల్ని చంకనేసుకుని వస్తారు, దుర్యోధన వధ అయ్యేదాకా కదలరు. మన చిత్తూరు రామవిలాస సభ నాటకాల్లోంచే కదా నాగయ్య గారు ఊరి పేరునే ఇంటి పేరుగా పెట్టుకుని మద్రాసు దాకా వెళ్లింది! ఆడితే చూసి మురిసిపోతారు, మన ఇంట్లో పిల్ల ఆడతానంటే మాత్రం ఒప్పుకోరు. వాళ్లతో వాదన పెట్టుకోకండి. "ఇంటర్ చదువుతా ఉంది, సాయంత్రం డ్యాన్సు నేర్చుకుంటా ఉంది" అని చెప్పి టీ ఇచ్చేయండి. మొత్తం ప్లాను వాళ్ల ముందు పెట్టాల్సిన పని లేదు.

ఇంట్లో మీరు చేయకూడనిది ఒకటుంది. ప్రోగ్రాం అయ్యాక ఆటోలో కూర్చోగానే "ఆ మూడో జతిలో తప్పావు కదా", "పక్క పాప నీకంటే బాగా చేసింది" అని మొదలుపెట్టకండి. తప్పింది పాపకు మీకంటే ముందే తెలుసు. ఒకసారి నేను వెనక సీట్లో ఉండగా ఓ తండ్రి మహతి ఆడిటోరియం నుంచి ఇంటి దాకా ఫోన్లో తీసిన వీడియో పెట్టి ఆపి ఆపి పిల్లకు తప్పులు చూపించాడు. ఆ పిల్ల తలకు పెట్టిన పూలజడ కూడా తీయలేదు, కిటికీలోంచి బయటకే చూస్తూ కూర్చుంది. ఆ రాత్రికి "తిన్నావా, కాళ్లు నొప్పిగా ఉన్నాయా" చాలు. తప్పుల సంగతి సోమవారం క్లాసులో గురువు చూసుకుంటారు.

నాన్నగారి గురించి. ఆయన్ను విలన్ చేయకండి. కిరాణా కొట్టు మనిషికి నెలకు ఎంత వస్తుందో తెలియని బతుకు తెలుసు, అందుకే కూతురికి జీతం బతుకు కావాలనుకుంటున్నాడు. ఆయనకు లెక్క రూపంలో చెప్పండి. రెసిడెన్షియల్ ఫీజు రెండేళ్లకు ఎంత, డే స్కాలర్ ఫీజు ఎంత, మిగిలింది పాప డిగ్రీకి బ్యాంకులో వేద్దాం అనండి. ఒక్కసారి క్లాసుకు తీసుకొచ్చి గంట కూర్చోబెట్టండి. మా దగ్గర ఇలాగే కోపంగా వచ్చిన ఒక నాన్న, పిల్ల చెమటలు కారుతూ అదే అడుగు ఇరవైసార్లు వేయడం చూసి, "ఇంత కష్టపడతాదా ఇది, కొట్లో గ్లాసు కడగమంటే కడగదే" అన్నాడు. అంతే, తర్వాత ఆయనే బండి మీద దింపేవాడు.

ఒకటి మాత్రం మనసులో పెట్టుకోండి. పదిహేడేళ్లకు పాపే వచ్చి "నాకు వద్దమ్మా" అనొచ్చు. మా అమ్మాయి అలాగే అంది. నా కూతురు, నా క్లాసులోనే పుట్టి పెరిగినంత పని, ఇంటర్ సెకండియర్‌లో గజ్జెలు బీరువాలో పెట్టేసింది. నెలరోజులు నేను దానితో సరిగ్గా మాట్లాడలేదు. ఇప్పుడు బెంగళూరులో ల్యాబ్‌లో పని చేస్తోంది. పండక్కి వస్తే వంటింట్లో కూరగాయలు తరుగుతూ కత్తితో పలక మీద మిశ్రచాపు తాళం వేస్తుంటుంది, తనకు తెలియకుండానే. అలా అంటే మీరు "ఇన్ని డబ్బులు పోశాం, ఇప్పుడా చెప్పేది" అనకండి. డే స్కాలర్‌గా ఇంటర్ చదివి ఉంది కాబట్టి ఏ డిగ్రీకైనా దారి తెరిచే ఉంటుంది.

ఇప్పుడు ఈ వారం పని. చేర్చాలనుకున్న కాలేజీకి అడ్మిషన్ కౌంటర్ దగ్గరికి కాకుండా సాయంత్రం నాలుగున్నరకు గేటు దగ్గరికి వెళ్లండి. పిల్లలు బయటికి వస్తున్నారా, లేక "ఎక్స్‌ట్రా క్లాసు" అని లోపలే ఉన్నారా చూడండి. వాచ్‌మన్‌ను అడగండి, ప్రిన్సిపాల్ కంటే అతనే నిజం చెబుతాడు. రెండు మూడు కాలేజీలు ఇలా చూశాక పేర్లు ఇక్కడ పెట్టకుండా, టైమింగులు మాత్రం రాయండి, ఏది కుదురుతుందో చెబుతాను. పాపను ఓ శనివారం తిరుపతికి తీసుకురండి. గజ్జెలు వద్దు, కాటన్ పంజాబీ డ్రెస్సు చాలు, టిఫిన్ తిని గంటన్నర అయ్యాక రమ్మనండి.